కారుంది... కంపెనీ లేదు!

అందమైన కారు గీశారు. వేల కోట్లు తెచ్చారు. ఐరోపాలో పేరున్న ఫ్యాక్టరీలో తయారు చేయించారు. మొదటి కార్లు రోడ్డెక్కి ఏడాది గడిచేసరికి కంపెనీ ఐపీ పెట్టింది. ఫిస్కర్ అనే అమెరికా ఎలక్ట్రిక్ కార్ల అంకుర సంస్థ పడి, లేచి, మళ్లీ పడిన కథ ఇది. ఇందులో హైదరాబాద్‌కూ ఒక పేజీ ఉంది.

2024 జులైలో అమెరికాలోని డెలావేర్ దివాలా కోర్టు ఒక బేరానికి ఒప్పుకుంది. న్యూయార్క్‌లో ఉబర్, లిఫ్ట్ డ్రైవర్లకు కార్లు అద్దెకిచ్చే అమెరికన్ లీజ్ అనే సంస్థ 3,321 ఎలక్ట్రిక్ కార్లను గంపగుత్తగా కొనుక్కుంది. ఇచ్చింది 4.625 కోట్ల డాలర్లు. అంటే సగటున ఒక్కో కారు 14 వేల డాలర్లు. మన డబ్బులో 12 లక్షల రూపాయల లోపే. ఫిస్కర్ ఓషన్ అనే ఆ కారును ఏడాది కిందట మొదటి విడతలో కొన్నవాళ్లు పెట్టింది 68,999 డాలర్లు.

బేరం ముగిసి, కార్లు చేతులు మారుతుండగా ఇంకో చిక్కు బయటపడింది. ఓషన్ కారు నిత్యం ఫిస్కర్ సర్వర్లతో మాట్లాడుతూ ఉంటుంది. ఏ కారు ఎక్కడుంది, బ్యాటరీ ఎలా ఉంది, ఏ సాఫ్ట్‌వేర్ నడుస్తోంది అన్న సమాచారమంతా అక్కడే. దాన్ని కొత్త యజమాని సర్వర్‌కు మార్చడం కుదరదని అక్టోబరులో తెలిసింది. కార్లు కొన్నాక వాటిని నడిపే ‘మేఘాన్ని’ (క్లౌడ్ సర్వర్ల సేవను) విడిగా కొనాల్సి వచ్చిందన్నమాట. అమెరికన్ లీజ్ మరో 25 లక్షల డాలర్లు ఇస్తామని ఒప్పుకుంటే గానీ పంచాయితీ తెగలేదు.

మన అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. అయినా కోల్‌కతా వీధుల్లో పసుపు టాక్సీలు ఏళ్ల తరబడి తిరిగాయి. మెకానిక్ షెడ్డు ఉన్నంతకాలం వాటికి కంపెనీతో పనిలేదు. నేటి ఎలక్ట్రిక్ కారు సంగతి వేరు. ఎక్కడో ఒక ఆఫీసులో కొందరు ఇంజినీర్లు ప్రతిరోజూ పనికి వస్తుంటేనే అది కారుగా ఉంటుంది. వాళ్లను ఇంటికి పంపిన రోజున, అమ్మేసిన కార్లక్కూడా జబ్బు మొదలవుతుంది. ఫిస్కర్ పతనాన్ని చాలామంది అమ్మకాలు పడిపోయిన కథగా చెబుతారు. దగ్గరకెళ్లి చూస్తే, ‘ఆ పని వేరేవాళ్లకి అప్పగిద్దాం’ అనుకుంటూ వెళ్లిన కంపెనీ, ఎవరికీ అప్పగించలేని పనుల దగ్గర బోర్లాపడ్డ వైనం కనిపిస్తుంది.

బొమ్మ గీసే మనిషి

హెన్రిక్ ఫిస్కర్ 1963లో డెన్మార్క్‌లో పుట్టారు. కార్ల డిజైనర్‌గా ఆయన చెయ్యి తిరిగినవాడు. జేమ్స్‌బాండ్ సినిమాలో మెరిసిన బీఎండబ్ల్యూ జెడ్8, ఆస్టన్ మార్టిన్ డీబీ9 లాంటి కార్ల రూపురేఖల్లో ఆయన ముద్ర ఉంది. 2007లో సహచరుడు బెర్న్‌హార్డ్ కోలర్‌తో కలిసి కాలిఫోర్నియాలో ఫిస్కర్ ఆటోమోటివ్ స్థాపించారు. బ్యాటరీతోనూ పెట్రోలుతోనూ నడిచే ‘కర్మ’ అనే కారును తెచ్చారు. ధర లక్ష డాలర్ల పైమాటే. తొలి కార్లలో ఒకటి నటుడు లియొనార్డో డికాప్రియో ఇంటికి వెళ్లింది.

2009లో ఒబామా ప్రభుత్వం కొత్తతరం కార్లకు రుణాలిచ్చే పథకం కింద ఫిస్కర్‌కు 52.9 కోట్ల డాలర్లు ఇస్తామంది. అదే పథకంలో టెస్లాకు దక్కింది 46.5 కోట్లు. డెలావేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో జనరల్ మోటార్స్ వదిలేసిన ఫ్యాక్టరీని కొని, అక్కడే చవక కారు తయారు చేస్తామని ఫిస్కర్ ప్రకటించింది. ఆ సభకు అప్పటి ఉపాధ్యక్షుడు జో బైడెన్ స్వయంగా వచ్చారు. అది ఆయన సొంత రాష్ట్రం మరి.

ఆ తర్వాత అన్నీ ఎదురుదెబ్బలే. గడువులు తప్పుతుండటంతో 2011లో ఇంధన శాఖ 19.2 కోట్ల డాలర్ల దగ్గర చేయి బిగించేసింది. 2012 మార్చిలో కన్జ్యూమర్ రిపోర్ట్స్ పత్రిక పరీక్షించడానికి లక్ష డాలర్లకు పైగా పోసి కొన్న కర్మ, పరీక్షలు మొదలవకముందే మొరాయించింది. బ్యాటరీలిచ్చే ఏ123 సిస్టమ్స్ అదే ఏడాది అక్టోబరులో దివాలా తీసింది. ఆ నెలాఖరునే శాండీ తుపాను విరుచుకుపడి, నెవార్క్ రేవులో దిగిన కొత్త కర్మల్లో 300కు పైగా ఉప్పునీటి పాలయ్యాయి.

2013 మార్చిలో యాజమాన్యంతో పొసగక హెన్రిక్ తన పేరున్న కంపెనీ నుంచే తప్పుకున్నారు. ఏప్రిల్ 5న, ఓ శుక్రవారం పూట, దాదాపు 160 మందికి ఊస్టింగ్ ఆర్డర్లు అందాయి. మొత్తం సిబ్బందిలో అది నాలుగింట మూడొంతులు. పెద్దఎత్తున ఉద్యోగులను తీసేసేటప్పుడు 60 రోజుల ముందే నోటీసివ్వాలన్న చట్టాన్ని తుంగలో తొక్కారంటూ వాళ్లు కోర్టుకెక్కారు. నవంబరులో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అమెరికా ఖజానాకు 13.9 కోట్ల డాలర్లు బొక్క. విల్మింగ్టన్ ఫ్యాక్టరీలో ఒక్క కారూ తయారవలేదు గానీ, పిటిషన్ విచారణ జరిగింది మాత్రం ఆ ఊరి కోర్టులోనే. కంపెనీ ఆస్తుల్ని చైనాకు చెందిన వాన్‌షియాంగ్ కొనేసింది. అంతకుముందు ఏ123ని దక్కించుకున్నదీ అదే. టెస్లా మాత్రం ఆ ఏడాది మే నెలలోనే, గడువుకు తొమ్మిదేళ్ల ముందు, ప్రభుత్వ అప్పు మొత్తం తీర్చేసింది.

ఫ్యాక్టరీ లేని కార్ల కంపెనీ

2016లో హెన్రిక్ మళ్లీ బరిలోకి దిగారు. ఈసారి తోడు ఆయన భార్య, భారతీయ మూలాలున్న గీతా గుప్తా ఫిస్కర్. కంపెనీ ఆర్థిక వ్యవహారాలూ రోజువారీ నిర్వహణా రెండూ ఆమె చేతిలోనే. కొత్త కంపెనీ పేరు ఫిస్కర్ ఇన్‌కార్పొరేటెడ్. మొదటిసారి దెబ్బతిన్న మనిషి కనుక ఫ్యాక్టరీ జోలికే పోకూడదనుకున్నారు. డిజైన్ మనది, తయారీ వేరేవాళ్లది, బ్యాటరీ ఇంకొకరిది, మనం చేయాల్సింది బొమ్మ గీయడం, పేరు పెట్టడం, అమ్మడం. సెల్‌ఫోన్ల కంపెనీలు చేసేది అదేగా అన్నది వాదన. ‘ఆస్తుల బరువు లేని వ్యాపారం’ అని మదుపరులకు చెబితే వాళ్లకూ నచ్చింది.

డబ్బు తెచ్చిన దారి స్పాక్. ఏ వ్యాపారమూ లేని ఒక ఖాళీ కంపెనీని ముందు స్టాక్ మార్కెట్‌లో నమోదు చేసి జనం దగ్గర డబ్బు పోగేస్తారు. తర్వాత అది ఒక నిజమైన కంపెనీని వెతికి తనలో కలుపుకుంటుంది. మామూలు ఐపీవోలో ‘నాలుగేళ్లలో ఇన్ని కార్లు అమ్ముతాం, ఇంత లాభం వస్తుంది’ అని ఊరించడానికి కంపెనీలు భయపడతాయి. స్పాక్ దారిలో ఆ జంకు తక్కువ. 2020 అక్టోబరులో స్పార్టన్ ఎనర్జీ అనే అలాంటి ఖాళీ కంపెనీతో ఫిస్కర్ విలీనమైంది. విలువ 290 కోట్ల డాలర్లు అన్నారు. చేతికి దాదాపు 100 కోట్ల డాలర్ల నగదు వచ్చింది. అప్పటికి అమ్మిన కార్లు సున్నా. మరుసటి ఏడాది బాండ్ల మీద ఇంకో 66.75 కోట్ల డాలర్ల అప్పు తెచ్చారు. 2021 తొలినాళ్లలో షేరు 25 డాలర్లు దాటింది.

తయారీ ఒప్పందం ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఉన్న మాగ్నా స్టయర్‌తో కుదిరింది. మెర్సిడెస్ జీ-క్లాస్ కట్టే చోటు అది. పనితనానికి వంక పెట్టలేం. 2022 నవంబరు 17న, చెప్పిన తేదీకే ఓషన్ ఉత్పత్తి మొదలైంది. కప్పు మీద సౌరఫలకం, అడ్డంగానూ నిలువుగానూ తిరిగే 17 అంగుళాల తెర, ఒక్క మీట నొక్కితే వెనక అద్దంతో సహా కిటికీలన్నీ దిగిపోయే ‘కాలిఫోర్నియా మోడ్’. ఖరీదైన రకానికి ఒక్క చార్జితో 360 మైళ్ల పరుగు. చూసినవాళ్లంతా ముచ్చటపడ్డారు.

పెళ్లి భోజనాలు కాంట్రాక్టుకి ఇవ్వొచ్చు. గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్లను పలకరించే పని, ఎవరికి విస్తరి అందలేదో చూసుకునే పని ఇంటివాళ్లే చేయాలి. ఫిస్కర్ వంట మంచి చేతికే ఇచ్చింది. గుమ్మం దగ్గర మనుషుల్ని పెట్టడం మరిచిపోయింది.

హైదరాబాద్ పేజీ

2022 మార్చిలో అప్పటి తెలంగాణ ఐటీ మంత్రి కేటీఆర్ అమెరికా పర్యటనలో ఫిస్కర్ కార్యాలయానికి వెళ్లారు. ఆ భేటీ తర్వాత హైదరాబాద్‌లో సాంకేతిక కేంద్రం పెడతామని కంపెనీ ప్రకటించింది. ‘ఫిస్కర్ విజ్ఞాన్ ఇండియా’ పేరుతో అనుబంధ సంస్థ నమోదైంది. సాఫ్ట్‌వేర్, ఎంబెడెడ్ ఎలక్ట్రానిక్స్, డేటా విశ్లేషణ, మెషీన్ లెర్నింగ్... కారు మెదడుకు సంబంధించిన పనుల కోసమే ఇక్కడ మనుషుల్ని తీసుకున్నారు. మన ఇంజినీర్లకు అది ఆశపడదగ్గ ఉద్యోగమే. బ్యాంకుల సాఫ్ట్‌వేర్‌కి మరమ్మతులు చేసే పని కాదు, కాలిఫోర్నియా రోడ్ల మీద తిరిగే కారులో తాము రాసిన కోడ్ నడుస్తుంది.

2023లో ఒక ఓషన్ ఇండియాలో దిగింది. ‘విజ్ఞాన్ ఎడిషన్’ పేరుతో వంద కార్లు ఇక్కడి మార్కెట్‌కు తేవాలన్నది ప్రణాళిక. హైదరాబాద్ కేంద్రానికి గుర్తుగా పెట్టిన పేరది. అప్పటికే కాలిఫోర్నియాలో లెక్కలు తప్పుతున్నాయి.

కార్లు కదల్లేదు

2023లో 42,400 కార్లు తయారు చేస్తామని ఏడాది మొదట్లో ప్రకటించారు. మే నెలకు అది 36 వేల లోపుకు దిగింది. ఆగస్టుకు 23 వేల లోపు, నవంబరుకు 17 వేల లోపు, డిసెంబరుకు పది వేలు. చివరకు పది వేల చిల్లర కార్లు తయారయ్యాయి. కొనుగోలుదార్ల ఇంటికి చేరింది అందులో సగం కూడా కాదు. మిగతావి రేవుల్లో, స్థలాల్లో బారులు తీరి ఉండిపోయాయి.

కాలం కూడా కలిసిరాలేదు. వడ్డీలు సున్నాకు దగ్గరగా ఉన్న రోజుల్లో ఈ వ్యాపారం పుట్టింది. కార్లు వచ్చేసరికి అమెరికా కీలక వడ్డీ రేటు 5 శాతం దాటింది. 2023 జనవరిలో టెస్లా తన కార్ల ధరలను కొన్ని రకాలపై 20 శాతం దాకా కోసేసి పోటీదార్లకు ఊపిరాడకుండా చేసింది. ఎలక్ట్రిక్ కారు కొంటే అప్పట్లో ప్రభుత్వమిచ్చిన 7,500 డాలర్ల పన్ను రాయితీకి ఉత్తర అమెరికాలోనే తయారవ్వాలన్న షరతు వచ్చింది. ఆస్ట్రియాలో కట్టిన ఓషన్ కొన్నవాళ్లకు అది అందలేదు. వేరేవాళ్ల ఫ్యాక్టరీని నమ్ముకోవడంలో ఉన్న ఖర్చు అలా తొలిసారి లెక్కకొచ్చింది.

అసలు జబ్బు లోపలుంది. డీలర్లు వద్దు, నేరుగా మనమే అమ్ముదాం అనుకున్నారు. అందుకు తగ్గ డెలివరీ కేంద్రాలు, సర్వీసు సిబ్బంది, విడిభాగాల గోదాములు మాత్రం సిద్ధం చేసుకోలేదు. నడుస్తూ నడుస్తూ కారు శక్తి కోల్పోతోందని, తాళం పని చేయడం లేదని, తలుపు తెరుచుకోవడం లేదని ఫిర్యాదులు. ఫోన్ ఎత్తే మనిషి దొరకడమే కష్టమైంది. విడిభాగాల్లేక ఆస్ట్రియాలో కొత్త కార్లు కట్టే వరుస నుంచే తీసి పంపాల్సి వచ్చిందని మాజీ ఉద్యోగులు చెప్పినట్టు అమెరికా టెక్ మీడియా రాసింది. కొనుగోలుదార్లు కట్టిన డబ్బులో లక్షల డాలర్లకు లెక్క దొరక్క కొన్నాళ్లు వెతుక్కున్నారనీ రాసింది. కారు ఇచ్చేశారు, డబ్బు వచ్చిందో లేదో తెలియదు!

అలాంటి రోజుల్లోనే, 2023 ఆగస్టు 3న, కాలిఫోర్నియాలో పెద్ద వేడుక జరిపి భవిష్యత్తులో తేబోయే కార్ల నమూనాలు చూపించారు. పేర్ అనే చిన్న కారు, అలాస్కా అనే పికప్, రోనిన్ అనే స్పోర్ట్స్ కారు. గీయడం వచ్చిన చెయ్యి ఊరుకోదు. ఆ నెలలో ఓషన్ యజమానులకు కావాల్సింది కొత్త బొమ్మ కాదు, ఒక పంపు, ఒక డోర్ హ్యాండిల్, ఫోన్‌లో ఒక జవాబు.

2024 ఫిబ్రవరిలో మార్కస్ బ్రౌన్‌లీ అనే ప్రముఖ యూట్యూబర్ ‘నేను సమీక్షించిన వాటిలో అధ్వానమైన కారు ఇదే’ అనే అర్థం వచ్చే శీర్షికతో వీడియో పెట్టాడు. కారు అందంగా ఉందనీ అందులోనే చెప్పాడు. సాఫ్ట్‌వేర్ మాత్రం సగంలో ఉందన్నాడు. కొత్త సాఫ్ట్‌వేర్ త్వరలో రాబోతోందని కంపెనీ చెప్పుకున్నా, వినేవాళ్ల సంఖ్య అప్పటికే తగ్గిపోయింది.

ఆలస్యమైన ఒక్క నివేదిక

అకౌంట్స్ విభాగం చూడటానికి ఏ ఆకర్షణా లేని చోటు. ఫిస్కర్ మెడకు ఉచ్చు బిగిసింది మాత్రం అక్కడే. 2023 అక్టోబరు చివర్లో ప్రధాన అకౌంటింగ్ అధికారి వెళ్లిపోయారు. ఆయన స్థానంలో వచ్చిన అధికారి రెండు వారాలైనా నిండకుండానే రాజీనామా చేశారు. దాంతో మూడో త్రైమాసిక ఫలితాల నివేదిక గడువులోగా దాఖలు కాలేదు.

వినడానికి చిన్న విషయమే. అయితే బాండ్ల మీద అప్పిచ్చిన ఒక సంస్థతో కుదుర్చుకున్న ఒప్పందంలో, నివేదికలు సకాలంలో ఇవ్వకపోతే ఒప్పందం ఉల్లంఘించినట్టేనన్న షరతు ఉంది. ఆ ఉల్లంఘనను చూసీచూడనట్టు వదిలేయడానికి అప్పిచ్చినవాళ్లు అడిగింది కంపెనీ ఆస్తుల మీద మొదటి తనఖా హక్కు. వేరే దారిలేక ఇచ్చేశారు. అప్పటిదాకా ఏ హామీ లేని అప్పు, ఒక్క నివేదిక ఆలస్యంతో హామీ ఉన్న అప్పుగా మారి వరుసలో ముందుకు వచ్చి కూర్చుంది. తర్వాత దివాలా కోర్టులో మిగతా బాకీదార్ల న్యాయవాదులు దీన్ని పట్టుకునే గట్టిగా వాదించారు. ఫ్యాక్టరీ లేకుండా కారు కట్టించుకోవచ్చు. లెక్కల పుస్తకం సరిగా లేకుండా కంపెనీని ఒక్క త్రైమాసికం కూడా నడపలేమని ఫిస్కర్ ఇలా తెలుసుకుంది.

నాలుగు నెలల్లో నేలమట్టం

2024 ఫిబ్రవరి 29: ఏడాదిపాటు కొనసాగగలమో లేదో సందేహమేనని కంపెనీ స్వయంగా ప్రకటించింది. సిబ్బందిలో 15 శాతం మందిని తీసేస్తున్నామంది.

మార్చి 18: కార్ల తయారీ ఆరు వారాలు ఆపేశారు.

మార్చి 25: పెట్టుబడి పెడుతుందనుకున్న పెద్ద కార్ల కంపెనీ చర్చల నుంచి తప్పుకుంది. అది నిస్సాన్ అని వార్తలొచ్చాయి. అదేరోజు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ ఫిస్కర్ షేరు ట్రేడింగ్ నిలిపేసింది. అప్పటికి షేరు విలువ పది సెంట్లకు అటూఇటూ.

మార్చి చివరి వారం: 61,499 డాలర్ల కారును 37,499కి దించేశారు. నిన్నటిదాకా పూర్తి ధర పెట్టి కొన్నవాళ్ల కారు విలువ కూడా రాత్రికి రాత్రి ఆ మేరకు కరిగిపోయింది.

ఏప్రిల్, మే: మళ్లీ కోతలు, మళ్లీ మళ్లీ కోతలు. వందలమంది పోగా, మే చివరికి మిగిలింది నూట యాభై మందేనని కథనాలు వచ్చాయి.

జూన్ 17: డెలావేర్‌లో దివాలా పిటిషన్. పదకొండేళ్ల కిందట ఆ పేరుతోనే ఉన్న మొదటి కంపెనీ మెట్లెక్కిన కోర్టే అది.

ఆస్ట్రియాలో ఓషన్ కట్టే లైన్ శాశ్వతంగా ఆగిపోవడంతో గ్రాజ్‌లోనూ వందల ఉద్యోగాలకు ఎసరొచ్చింది. ఫిస్కర్ జీతాల పట్టీలో ఎన్నడూ పేరులేని మనుషులు వాళ్లు. తయారీని వేరేవాళ్లకు అప్పగిస్తే నష్టాన్నీ అప్పగించినట్టేనని గ్రాజ్ కార్మికులు చెప్పగలరు.

జీతం ఎన్నో వరుసలో?

అమెరికా దివాలా చట్టంలో చెల్లింపులకు ఒక వరుస ఉంది. మొదట హామీ ఉన్న అప్పులవాళ్లు. తర్వాత దివాలా ప్రక్రియకయ్యే ఖర్చులు, లాయర్ల ఫీజులు. ఆ వెనుకే ఉద్యోగుల జీతం బకాయిలు. అది కూడా పిటిషన్‌కు ముందరి 180 రోజుల్లో సంపాదించినది, అప్పటి పరిమితి ప్రకారం మనిషికి 15,150 డాలర్ల వరకే. అది దాటితే మిగతా బాకీదార్ల గుంపులో నిలబడాల్సిందే. షేర్లున్నవాళ్లు అందరికన్నా వెనక. ఫిస్కర్ వాటాదార్లకు చివరకు మిగిలింది ఏమీ లేదు. జీతం తగ్గించుకుని మరీ షేర్లు తీసుకున్న ఉద్యోగులకు రెండు చేతుల్లోనూ నష్టమే.

తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే హెచ్1బీ కుటుంబాలకు లేఆఫ్ అంటే ఇంకో గడియారం మొదలవుతుంది. ఉద్యోగం పోయిన నాటి నుంచి 60 రోజుల్లోగా వేరే సంస్థ దరఖాస్తు చేయాలి, లేదా వీసా రకం మార్చుకోవాలి, కాదంటే దేశం వదలాలి. పిల్లల బడి, ఇంటి లీజు, కారు వాయిదా అన్నీ ఆ 60 రోజుల్లో సర్దుకోవాలి. ఎలక్ట్రిక్ కార్ల అంకురాలన్నీ ఒకేసారి మనుషుల్ని తీసేస్తున్న ఏడాదిలో, అదే నైపుణ్యమున్న వందలమంది అవే తలుపులు తడుతుంటారు.

ఇండియాలో ఉన్న అనుబంధ సంస్థ ఉద్యోగిది ఇంకో చిక్కు. అలాంటి సంస్థకు చాలాసార్లు సొంత రాబడి ఉండదు. చేసిన పనికి మాతృసంస్థ పంపే డబ్బే జీతం. అమెరికా చట్టమిచ్చే ఆ జీతం ప్రాధాన్యం అక్కడ పిటిషన్ వేసిన కంపెనీ ఉద్యోగులకే. వేరే దేశంలో విడిగా నమోదైన సంస్థలో పనిచేసే మనిషి తన హక్కుల్ని ఆ దేశపు చట్టంలోనే వెతుక్కోవాలి. ఒకే కారుకు కోడ్ రాసిన ఇద్దరు ఇంజినీర్లు, ఒకరు లాస్‌ఏంజెలెస్‌లో ఒకరు మాదాపూర్‌లో ఉంటే, వాళ్లకు జరిగే న్యాయం ఒకటి కాదు.

యజమానులే దిక్కు

కంపెనీ చేతులెత్తేశాక ఓషన్ కొన్నవాళ్లు ఊరుకోలేదు. ఫిస్కర్ ఓనర్స్ అసోసియేషన్ పేరుతో లాభాపేక్ష లేని సంఘం పెట్టుకున్నారు. వేలమంది చేరారు. వాళ్లలో సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లు కారు కోడ్‌ను విప్పి చదవసాగారు. ఇంకొందరు తాళాలు, పంపులు, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో వెతికి పంచుకున్నారు. న్యూయార్క్‌లో వేల కార్లు కొన్న అమెరికన్ లీజ్‌తోనూ చేతులు కలిపారు. కంపెనీ చేయాల్సిన పనిని కొనుగోలుదార్లు సొంత ఖర్చుతో భుజాన వేసుకున్నారు.

భద్రతా లోపాల మరమ్మతు ఉచితంగా చేయాలన్నది అమెరికా చట్టం. అయినా 2024 సెప్టెంబరులో, విడిభాగాలు ఇస్తాం గానీ కూలి మీరే పెట్టుకోండి అంది ఫిస్కర్. గొడవ కావడంతో రోజుల్లోనే వెనక్కి తగ్గింది. అమెరికా న్యాయ శాఖ కూడా కోర్టులో అభ్యంతరం చెప్పింది. అక్టోబరులో కోర్టు ఆస్తుల పంపకం ప్రణాళికను ఆమోదించింది. అప్పటికి కంపెనీ అంటే కాగితాలూ సర్వర్లూ మాత్రమే.

ఫిస్కర్ ఒక్కటేనా?

స్పాక్ దారిలో వచ్చిన ఎలక్ట్రిక్ వాహన సంస్థల జాబితా తీస్తే సంతాప సందేశాల పుట చదివినట్టుంటుంది. లార్డ్స్‌టౌన్ 2023 జూన్‌లో, బస్సుల సంస్థ ప్రొటెరా ఆగస్టులో, బ్రిటన్‌కు చెందిన అరైవల్ 2024 తొలినాళ్లలో, కానూ 2025 జనవరిలో, నికోలా ఫిబ్రవరిలో వరుసగా కుప్పకూలాయి. ఏ దారిలో వచ్చినా, ఈ రంగంలో నిలబడ్డవీ నిమ్మళంగా లేవు. లూసిడ్ 2023 మార్చిలో 18 శాతం సిబ్బందిని, రివియన్ 2024 ఫిబ్రవరిలో జీతగాళ్లలో 10 శాతాన్ని తగ్గించుకున్నాయి.

ఈ రెండింటికీ ఫిస్కర్‌కూ తేడా ఏమిటి? వాటికి సొంత ఫ్యాక్టరీలున్నాయి, సొంత సాఫ్ట్‌వేర్ ఉంది, నష్టం వచ్చినా ఆదుకునే పెద్ద చెయ్యి ఉంది. లూసిడ్ వెనక సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధి నిలబడింది. రివియన్ సాఫ్ట్‌వేర్ పనితనం చూసి 2024 జూన్‌లో ఫోక్స్‌వ్యాగన్ 500 కోట్ల డాలర్ల వరకు పెడతానంది. ఫిస్కర్ దగ్గరకు వచ్చిన పెద్ద కంపెనీకి కొనడానికి ఏముంది? ఫ్యాక్టరీ మాగ్నాది. బ్యాటరీ చైనా సంస్థ సీఏటీఎల్‌ది. సాఫ్ట్‌వేర్ అతుకుల బొంత. ‘ఆస్తుల బరువు లేదు’ అని గొప్పగా చెప్పుకున్నదే చివరకు అమ్ముకోవడానికి ఆస్తి లేకుండా చేసింది.

ఆఫర్ లెటర్ చేతికొచ్చిందా?

విదేశీ అంకుర సంస్థ నుంచి ఉద్యోగం వస్తే సంతకం పెట్టేముందు ఇవి చూసుకోవాలి.

• చేతిలో ఉన్న నగదు ఎన్ని నెలలకు సరిపోతుంది? అమెరికాలో లిస్టయిన కంపెనీ అయితే త్రైమాసిక నివేదికలు ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. ‘కొనసాగగలమా అన్నది సందేహం’ అన్న మాట కనిపిస్తే ఆగి ఆలోచించాలి.

• నివేదికలు సకాలంలో వస్తున్నాయా? ఆర్థిక విభాగంలో పెద్దలు వరుసగా మారుతున్నారా? ఉత్పత్తి లక్ష్యం తగ్గినదానికన్నా ఇది పెద్ద హెచ్చరిక.

• జీతం ఇచ్చేది ఎవరు? ఇండియాలో నమోదైన సంస్థా, మాతృసంస్థా, మధ్యవర్తి ఏజెన్సీయా? ఒప్పందంలో పేరు ఎవరిదుందో వాళ్లనే రేపు అడగగలం.

• పీఎఫ్ నెలనెలా జమ అవుతోందా? పాస్‌బుక్ ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. ఇబ్బందుల్లో ఉన్న సంస్థలు మొదట ఎగ్గొట్టే వాటిలో ఇదొకటి.

• షేర్లు ఇస్తామంటే సంతోషం. వాటిని లెక్కలో సున్నాగా వేసుకుని, మిగిలిన జీతంతో ఇల్లు గడుస్తుందంటేనే చేరాలి.

అడగాల్సిన లెక్క

అంకుర సంస్థలు మునగడం కొత్త కాదు, నేరమూ కాదు. 2008 చివర్లో టెస్లా కూడా మునిగే అంచుదాకా వెళ్లి బయటపడింది. పదింట్లో తొమ్మిది పోతేనే ఒకటి నిలబడుతుందని ఈ వ్యాపారంలో అందరూ ఒప్పుకుని దిగుతారు. పెట్టుబడిదారుడికి అది తెలుసు. ఆ లెక్కకు తగ్గట్టే పది చోట్ల పెడతాడు. ఉద్యోగి పది చోట్ల పనిచేయలేడు. కొనుగోలుదారుడు పది కార్లు కొనలేడు. పందెం ఒకరిదైతే పణం ఇంకొకరిదవుతోంది.

దీన్ని సరిచేసే మార్గాలు అంత అసాధ్యమైనవి కావు. సర్వర్ల నిర్వహణకు సరిపడా డబ్బును, కారు సాఫ్ట్‌వేర్ మూల ప్రతిని కంపెనీ బతికుండగానే మూడో పక్షం దగ్గర భద్రపరచమని ప్రభుత్వాలు షరతు పెట్టొచ్చు. ఇల్లు కట్టే బిల్డర్ కొనుగోలుదార్ల డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలని మన రెరా చట్టం చెబుతోంది. చక్రాల మీద తిరిగే ఆస్తికి అలాంటి రక్షణ ఎందుకు ఉండకూడదు? జీతాల బకాయిలకూ అంతే. అప్పిచ్చినవాడు గడువు మీరితే తనఖా అడిగి తీసుకోగలడు. నెల తిరిగాక జీతం తీసుకునే మనిషి తెలియకుండానే కంపెనీకి ముప్పై రోజుల అప్పు ఇస్తున్నాడు. ఆ అప్పుకు తనఖా లేదు.

మన రోడ్ల మీద ఎలక్ట్రిక్ స్కూటర్లూ కార్లూ ఏటేటా పెరుగుతున్నాయి. చాలావాటికి యాప్ ఉంది, వెనక ఎక్కడో సర్వర్ ఉంది, ఆ సర్వర్ ముందు ఓ పాతికేళ్ల కుర్రాడో అమ్మాయో కూర్చుని ఉన్నారు. షోరూమ్‌లో మైలేజీ ఎంత, బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లు అని అడుగుతాం. ఇక ముందు కంపెనీ పోతే ఈ బండి సాఫ్ట్‌వేర్ ఎవరు చూస్తారని కూడా అడగాలి. అది రాతపూర్వకంగా చెప్పలేని బండికి అడిగినంత ధర పెట్టాల్సిన పనిలేదు.